ఆపా బెల్లం డబ్బా, నా ఫెలోషిప్పు

పోయిన వారం నాకు మూడు దరఖాస్తులు వచ్చాయి, చదివి మార్కులు వేయమని. తూర్పున ఒక సముద్రపు నగరంలో ఉన్న సంస్థ ఏటా ఆసియా దేశాల నుంచి కొందరు పరిశోధకులను పిలుస్తుంది. ఎనిమిది నెలలు గది ఇచ్చి, లైబ్రరీ ఇచ్చి, తిండి ఖర్చు ఇచ్చి, మీ దేశాల్లో ఇప్పుడు నడుస్తున్న విధానాల మీద రాసుకోండి అంటుంది. ఒకప్పుడు ఆ ఫెలోషిప్పు తెచ్చుకున్నదాన్ని కాబట్టి ఇప్పుడు కొత్తవాళ్ల దరఖాస్తులు నాకు పంపిస్తారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు.

మూడింటిలోనూ ముందుగా చివరి పేజీకే పోయాను. అక్కడ ఒక ప్రశ్న ఉంటుంది. మీ పరిశోధన వల్ల, మీకు సమాచారం ఇచ్చినవాళ్లకు ఏమైనా హాని జరిగే అవకాశం ఉందా? పక్కన రెండు గడులు: ఉంది, లేదు. ముగ్గురూ లేదు అన్న గడిలోనే టిక్కు పెట్టారు. నేనూ అక్కడే పెట్టాను. ఆలోచించకుండా పెట్టేశానని చెప్పుకోగలిగితే కాస్త హాయిగా ఉండేది. ఆలోచించాను. చేతిలో చాయ్ చల్లారేదాకా ఆలోచించి మరీ పెట్టాను.

అప్పుడు నేను సంగారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. పొలిటికల్ సైన్స్. పాఠాలు ఉన్నన్నాళ్లు ఉంటాం, సెలవులు రాగానే ఉండం. పటాన్‌చెరులో కిరాయి ఇల్లు, రోజూ బస్సులో నిలబడి ప్రయాణం, పేరు ముందు డాక్టర్ అని రాసుకునే హక్కు తప్ప పీహెచ్‌డీ వల్ల వేరే లాభం లేదు. వలస కార్మికుల భద్రత గురించి మూడు దేశాల చట్టాలను పోల్చి చూడాలని నా కోరిక. రెండేళ్లు వరసగా ఆ ఫెలోషిప్పుకు పెట్టుకున్నాను, రెండేళ్లూ రాలేదు. రెండోసారి మాత్రం ఒక్క వాక్యం జవాబు వచ్చింది. మీ ప్రతిపాదనలో మాకు తెలియని విషయం కనిపించలేదు, అని. ఆ వాక్యం నన్ను ముల్లులా పొడిచింది. సరే, మీకు తెలియనిదే తెస్తాను అనుకుని, ప్రశ్నల కాగితాల కట్ట పట్టుకుని పాశమైలారం పారిశ్రామికవాడకు వెళ్లాను.

అక్కడ ఎవరూ నోరు విప్పలేదు. షిఫ్టు దిగి వస్తున్న ఒడిశావాళ్లను, బీహారువాళ్లను ఆపి అడిగితే, అందరిదీ ఒకటే మాట. "సబ్ ఠీక్ హై మేడం." లోపల మాస్కులు ఇస్తారా? ఠీక్ హై. దెబ్బ తగిలితే దవాఖానాకు తీసుకుపోతారా? ఠీక్ హై. నలభై రెండు ప్రశ్నలకు నలభై రెండు ఠీక్ హైలు రాసుకుని, ఎండలో తల తిరుగుతుంటే ఒక మెస్సులో మంచినీళ్లు అడిగాను. రేకుల కప్పు, రెండు గదులు, బయట నీళ్ల డ్రమ్ము. ట్యాంకర్లు పోయినప్పుడల్లా గిన్నెలు గలగలలాడేవి.

ఆ మెస్సు నడిపే ఆమెను అందరూ ఆపా, అంటే ఉర్దూలో అక్క, అని పిలిచేవాళ్లు. యాభై దాటిన మనిషి. పుట్టింది సదాశివపేటలో. భర్త లారీ మెకానిక్, పోయి చాలా ఏళ్లయింది. ఒక కాంట్రాక్టరు తన దగ్గరున్న నలభై మందినీ రెండు పూటలా తిండికి ఆమె దగ్గరికి పంపేవాడు. ఆయన పంపినన్నాళ్లే ఆమె పొయ్యి వెలుగుతుంది.

నాకు నీళ్లు ఇచ్చి, నా చేతిలో కాగితాలను చూసింది.

"గా కాయిదాలు అవుతల పెట్టు. ఉల్లిగడ్డ కోస్తవా?"

నేను బిత్తరపోయి చూస్తుంటే చాట నా ముందుకు తోసింది. "ఇది మెస్సు చెల్లె. ఈడ మెహమాన్‌లు, సుట్టాలు ఎవ్వరు లేరు. వచ్చినోళ్లు ఏదో ఒక పని చేస్తరు."

కోశాను. నా ముక్కలు చూసి తల కొట్టుకుంది. "గిట్ల కోస్తే గోడ కట్టొచ్చు. కూర ఒండరాదు."

అలా నాలుగు నెలల ఆదివారాలు ఉల్లిగడ్డలు కోశాను. ఫోన్ చేసేదాన్ని కాదు, చెప్పేదాన్ని కాదు, బస్సు దిగి నేరుగా వెళ్లి పీట లాక్కుని కూర్చునేదాన్ని. కాగితాల కట్ట ఇంట్లోనే పడి ఉంది. నా వేళ్లకు సన్నగా కోయడం వచ్చేసరికి, అక్కడివాళ్లకు నేనున్నానన్న సంగతి గుర్తుండటం మానేసింది. ఒక గదిలో పది మంది వంతులవారీగా పడుకోవడం, ఇంటికి ఫోన్ చేసి ఏసీలో పని అని చెప్పడం, అన్నీ నా ముందే మాట్లాడుకునేవాళ్లు. అప్పుడు ప్రశ్నలు అడగలేదు నేను. అడగకుండానే వస్తుంటే అడగడం ఎందుకు?

బెల్లం సంగతి కూడా అలాగే చూశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం షిఫ్టు దిగినవాళ్లు తిండికి వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఒకాయన, ఒడిశా మనిషి, అందరూ దాదా అనేవాళ్లు. చేతులు కడుక్కుంటూ, ఎటో చూస్తూ, మెల్లగా అన్నాడు.

"ఆపా, ఆజ్ గుడ్ దేనా." ఇవాళ బెల్లం పెట్టు, అని.

ఆపా ఏమీ అడగలేదు. స్టూలు ఎక్కి పై అరలోంచి మూత ఉన్న ఒక పాత రేకు డబ్బా దించింది. ఒక్కొక్క పళ్లెంలో ఒక బెల్లం ముక్క పెట్టింది. పెట్టి, డబ్బాను మళ్లీ అరలో పెట్టలేదు. తీసుకుపోయి వాకిట్లో బల్ల మీద, నీళ్ల గ్లాసుల పక్కన పెట్టింది. కాసేపటికి తర్వాతి షిఫ్టువాళ్లు నవ్వుకుంటూ వచ్చారు. డబ్బా చూసి నవ్వులు ఆపారు. ఇద్దరు తువ్వాళ్లు నీళ్లలో తడిపి మెడకు చుట్టుకున్నారు. ఒకతను సగం తిండిలోనే లేచి, కడుపు నొస్తోందని సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాడు. కడుపులో నొప్పి ఉన్నవాడు మళ్లీ వచ్చి ఇంకో రెండు రొట్టెలు తిన్నాడు.

నేను అడిగితే ఆపా తప్పించింది. "గొంతు మంటకు బెల్లం మంచిది. గంతే." మూడు వారాలు అంతే. నాలుగో వారం, ఎవరూ లేనప్పుడు, పిండి కలుపుతూ తనే మొదలుపెట్టింది.

"లోపల ఏదన్న పైపు లీకైతది. లేకుంటె డ్రమ్ము మూత సక్కగ పెట్టరు. పొగ లేస్తది. గా ముచ్చట బయట చెప్పొద్దు. చెప్పినోనికి రేపటి సంది గేటు పాస్ బంద్. గందుకే ఎవ్వరు చెప్పరు. బెల్లం అడుగుతరు. బెల్లం తింటె రొమ్ముల ఉన్నదంత దిగుతదని వాళ్ల నమ్మకం. దిగుతదో లేదో ఆ అల్లాకే ఎర్క. నేను డబ్బా బయట పెడ్త. పోయెటోళ్లు చూసుకొని పోతరు."

"ఇది ఎవరు మొదలుపెట్టిండ్రు ఆపా?"

"ఎవ్వరు పెట్టలె. అట్లనే అయ్యింది. ఒకపారి డబ్బా ఆడనే మర్సిపోయిన. సూసినోళ్లు సమజ్ చేస్కున్నరు. మల్లొకపారి కావాలని పెట్టిన. ఇగ అప్పటి సంది నడుస్తుంది."

నేను కత్తి కింద పెట్టేశాను. మూడు దేశాల చట్టాల పుస్తకాలు చదివినదాన్ని. ప్రమాద హెచ్చరిక ఎలా ఉండాలో వాటిలో పేజీలకు పేజీలు రాసి ఉంటుంది. ఇక్కడ, అక్షరం లేని హెచ్చరిక బోర్డు ఒకటి నీళ్ల గ్లాసుల పక్కన ఉంది. అది చదవడం నలభై మందికీ వచ్చు. నా మొహంలో ఏం కనిపించిందో, ఆపా పిండి చేత్తోనే నా వైపు వేలు చూపించింది.

"రాస్కో. ఒక్క అర్రల పది మంది పండుతరని రాస్కో. బోరు నీళ్లు వాసనొస్తయని రాస్కో. నా పేరు కూడ రాస్కో, నాకేం భయం లేదు. గీ డబ్బా ముచ్చట మాత్రం రాయకు చెల్లె. ఇది బయటికి పోతే డబ్బా పోతది. డబ్బా పోతే వీళ్లంత గుడ్డోళ్ల లెక్క లోపలికి పోతరు."

"రాయ ఆపా. ఒట్టు."

"చెయ్యి ఎయ్యి."

ఉల్లిగడ్డ వాసన వేస్తున్న చెయ్యి, పిండి అంటిన ఆమె చేతిలో వేశాను. ఆ క్షణంలో నేను అబద్ధం ఆడలేదు. ఇది నన్ను నేను వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. నిజంగానే ఒట్టు పెట్టుకుని, ఆ తర్వాత నిజంగానే తప్పినదాన్ని అని చెప్పడానికి చెప్తున్నాను.

మూడోసారి దరఖాస్తులో డబ్బా గురించి ఒక్క ముక్క రాయలేదు. అయినా ఇంటర్వ్యూకు పిలిచారు. కాలేజీ స్టాఫ్ రూములో, చప్పుడు వినపడుతుందని ఫ్యాను ఆపి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అవతల ముగ్గురు. పదిహేను నిమిషాలు నేను చెప్తున్నాను, వాళ్లు తలూపుతున్నారు. ఆ తలూపడం నాకు తెలుసు. మా కాలేజీలో చివరి పీరియడ్ పిల్లలు కూడా అలాగే ఊపుతారు. చివర్లో వాళ్లలో పెద్దావిడ మర్యాదగానే అడిగింది. ఇవన్నీ నివేదికల్లో ఉన్నవే కదా, అక్కడ తిరిగిన మీకు మాత్రమే తెలిసింది ఏదైనా ఉంటే చెప్తారా, అని.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ చిన్నప్పటి నుంచి తిట్టేది. అలా నోరు జారి ఉంటే బాగుండేది. నేను జారలేదు. ఆగాను. పిండి అంటిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. దానితో పాటే, మూడోసారి కూడా రాకపోతే వచ్చే ఏడాది కూడా ఇదే బస్సులో ఇలాగే నిలబడి పోవాలి అన్నది గుర్తొచ్చింది. రాయనని ఒట్టు పెట్టాను, చెప్పనని కాదు కదా అని ఒక వకీలు బుద్ధి కూడా పుట్టింది. చెప్పాను. దాదా చేతులు కడుక్కుంటూ ఎటో చూస్తూ అడగడం దగ్గర నుంచి, తువ్వాళ్లు తడపడం దాకా, పూస గుచ్చినట్టు చెప్పాను. తెర మీద ముగ్గురూ ఒకేసారి ముందుకు వంగారు. ఒకాయన కళ్లద్దాలు తీశాడు. ఇది నాదైపోయింది అని నాకు తెలిసిపోయింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అంత సంతోషం నాకు పీహెచ్‌డీ వచ్చిన రోజు కూడా లేదు.

ఆ వారమే దరఖాస్తు చివరి పేజీలు నింపి పంపమన్నారు. టిక్కు పెట్టింది అప్పుడే.

ఫెలోషిప్పు వచ్చిందని చెప్తే ఆపా సేమియా వండి నలభై మందికీ పెట్టింది. "మా చెల్లె పరదేశంల చదువుకునేటందుకు పోతుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేను బయలుదేరే ముందు రోజు, ఒక పచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి నా కుడి చేతికి కట్టింది. ఇమామ్ జామిన్. దూరం పోయేవాళ్లకు మా వైపు ముసల్మానుల ఇళ్లల్లో కడతారు. క్షేమంగా చేరాక ఆ బిళ్లను లేనివాళ్లకు ఇచ్చేయాలి. కడుతున్నంతసేపూ ఆపా పెదవులు ఏదో చదువుకుంటున్నాయి. నేను తల వంచుకుని నిలబడ్డాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. బస్సుకు టైమవుతోందని అన్నాను.

ఆ నగరంలో నా కిటికీలోంచి సముద్రం కనపడేది. మాతో పాటు వచ్చినవాళ్లలో ఒకాయన రెండు దేశాల మధ్య నది నీళ్ల మీద రాస్తున్నాడు, ఒకావిడ ముసలివాళ్ల సంరక్షణ మీద. నన్ను అందరూ బెల్లం మేడం అనేవాళ్లు. నా పని చూసే ప్రొఫెసర్ మంచాయన. మొదటి ముసాయిదా చదివి, ఇంటర్వ్యూలో చెప్పింది ఇందులో ఎందుకు లేదు అని అడిగాడు. మాట ఇచ్చానని చెప్పాను. ఆయన, పేర్లు మార్చి రాయవచ్చు కదా, అందరం అలాగే చేస్తాం అన్నాడు. ఆయన ఆ మాట అంటాడని, నేను దానికోసమే ఎదురుచూస్తున్నానని నాకు తెలుసు.

చాలా శ్రద్ధగా మార్చాను. పాశమైలారం అని రాయలేదు, దక్షిణ భారతంలోని ఒక పారిశ్రామికవాడ అన్నాను. ఆపాను మగవాణ్ణి చేశాను. మెస్సును చాయ్ హోటల్ చేశాను. ఒడిశా అన్నచోట ఉత్తర రాష్ట్రాలు అని రాశాను. ఆ జాగ్రత్త చూసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. డబ్బాను మాత్రం మార్చలేదు. దాన్ని మారిస్తే రాయడానికి ఏమీ మిగలదు. ఆపా అసలు తన పేరు దాచమని అడగనే లేదు. ఆమె దాచమన్నది ఒక్కటే, నేను దాచకుండా వదిలింది ఆ ఒక్కటే.

విధాన పత్రం అంటే చివర సిఫారసులు ఉండి తీరాలి. ఏం చెయ్యాలో చెప్పకుండా ఊరికే చూసింది చెప్తే ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి నేను సిఫారసు చేశాను. కార్మికుల ఇలాంటి పద్ధతులను యాజమాన్యాలు గుర్తించి, అధికారికంగా అమలు చేయాలి, అని. ఆ పత్రం మీద హైదరాబాదులో ఒక హోటల్లో చర్చ పెట్టారు. నేను ఆ సముద్రపు నగరం నుంచే తెర మీద మాట్లాడాను. మా వైపు ఫ్యాక్టరీలకు భద్రత సలహాలు ఇచ్చే ఒకాయన లేచి, చాలా మర్యాదగా, దీన్ని కంపెనీలే స్వయంగా చేపట్టవచ్చంటారా మేడం అని అడిగాడు. "తప్పకుండా" అన్నాను. ఆయన రాసుకున్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆపా వారానికి ఒకసారి వీడియో కాల్ చేసేది. ఫోను మరీ దగ్గరగా పట్టుకునేది, నాకు ఆమె నొసలు, చున్నీ అంచు తప్ప ఏమీ కనిపించేవి కావు. "తింటున్నవా? కారం దొరుకుతదా ఆడ? మొఖం గింత అయిందేంది?" అని అడిగేది. ఆరో నెలలో ఒకరోజు మాట్లాడుతుంటే వెనక గిన్నెల చప్పుడు లేదు. అందరు ఏరి ఆపా అంటే, డ్యూటీకి పోయిండ్రు అంది. అది సరిగ్గా షిఫ్టు దిగి తిండికి వచ్చే వేళ. నాలుగు నెలలు అక్కడ కూర్చున్నదాన్ని, ఆ వేళకు ఆ మెస్సులో గిన్నెల మోతకు మాట వినపడదని నాకు తెలియదా? తెలుసు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆ తర్వాతి వారం కూడా చప్పుడు లేదు. ఆ తర్వాత కూడా. ప్రతిసారీ తిన్నావా అని అడిగింది, తిన్నానని చెప్పాను, పెట్టేశాను.

తిరిగి వచ్చాక, అక్కడి మిఠాయిలు అందమైన పెట్టెలో కొనుక్కుని పాశమైలారం వెళ్లాను. మెస్సుకు తాళం. వాకిట్లో బల్ల లేదు, డ్రమ్ము లేదు. ఎదురుగా ఫ్యాక్టరీ గేటు దగ్గర దాదా కనిపించాడు. లోపలి పని మాన్పించి బయట చెట్లకు నీళ్లు పోయిస్తున్నారట. సగం మాట దగ్గులోనే పోతోంది. నన్ను చూసి చాలా సంతోషపడ్డాడు.

ఏం జరిగిందో ఆయన హిందీలో, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. ఇప్పుడు కంపెనీయే బెల్లం ఇస్తుంది. గేటు దగ్గర ఒకతను కూర్చుని, లోపలికి పోయే ప్రతి ఒక్కరికీ ఒక ముక్క ఇచ్చి సంతకం తీసుకుంటాడు. రోజూ, ప్రతి షిఫ్టుకూ. లోపల బాగున్నా బెల్లమే, బాగలేకపోయినా బెల్లమే. మెస్సులో మాత్రం బెల్లం పెట్టొద్దని, డబ్బా బయట కనిపించొద్దని కాంట్రాక్టరు వచ్చి ఆపాతో గట్టిగా చెప్పాడు. తర్వాత కొన్నాళ్లకు లోపలే క్యాంటీన్ పెట్టి, నలభై మందినీ అటు మళ్లించాడు.

"ఔర్ ఆప్ కీ ఖాంసీ?" అన్నాను. మీ దగ్గు?

ఒకరోజు లోపల గాలి బాగలేదట. ముందు షిఫ్టువాళ్లకు తెలుసు. వీళ్లకు తెలిసే దారి లేదు. బల్ల మీద డబ్బా లేదు, బల్లే లేదు. తువ్వాలు తడపకుండా పోయాడు. "అచానక్ హో గయా," ఉన్నట్టుండి అయిపోయింది అన్నాడు, అదేదో చిన్న సంగతిలా. పెళ్లాం వచ్చేయమంటోందట, ఈ నెలాఖరుకు ఊరికి పోతున్నాడు. నా భుజం వెనక గేటు వైపు చూపించి మరీ మెచ్చుకున్నాడు. "బెల్లం మంచిదేలే మేడం. ఎవరో చదువుకున్న మేడం చెప్తే కంపెనీ మొదలుపెట్టిందంట." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి చున్నీ సర్దుకుంది. ఆ మేడం నేనే అని దాదాకు చెప్పలేదు. ఊరికి చేరాడో లేదో, ఇప్పుడెలా ఉన్నాడో నాకు తెలియదు. నెంబరు అడిగి తీసుకునే ధైర్యం కూడా చాలలేదు.

ఆపా పటాన్‌చెరులో తన చెల్లెలి కుట్టుమిషను దుకాణం వెనక గదిలో ఉంటోందని దాదాయే చెప్పాడు. నా ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలకు నాకు పదకొండు రోజులు పట్టింది.

వెళ్లేసరికి వంట ఆర్డరు ఏదో ఉన్నట్టుంది, చాట నిండా ఉల్లిగడ్డలు పెట్టుకుని కింద కూర్చుని కోస్తోంది. నన్ను చూసి లేచింది. గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, చున్నీతో తుడిచి వేసింది.

"కూసో మేడం. ఎప్పుడొచ్చినవు?"

చెల్లె అని పిలవలేదు. చాయ్ తెచ్చింది. మెస్సులో అందరం స్టీలు గ్లాసుల్లో తాగేవాళ్లం. ఇప్పుడు నాకు పూల కప్పు, కింద సాసరు. నేను మిఠాయి పెట్టె ఇస్తే రెండు చేతులతో తీసుకుని, తెరవకుండా అరలో పెట్టింది. అదే అరలో ఆ రేకు డబ్బా ఉంది. మూత లేదు. దాన్నిండా దారపు కండెలు.

కుర్చీలో కూర్చోలేకపోయాను. కింద కూర్చుని కత్తి కోసం చెయ్యి చాపాను. ఆమె కత్తిని తన వైపు జరుపుకుంది.

"వద్దు మేడం. చేతులు వాసనొస్తయి."

ఇక ఆగలేదు నేను. "ఆపా, డబ్బా ముచ్చట నేనే చెప్పిన. చెప్పిన, రాసిన కూడ. ఒట్టు తప్పిన. నీ పొయ్యి నా వల్లనే ఆరిపోయింది. దాదా..."

"ఎర్కనే" అంది. కోయడం ఆపలేదు.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పాలె? కాంట్రాక్టరు వచ్చి, ఏదీ ఆ బెల్లం డబ్బా అని అడిగిన దినమే ఎర్కైంది. తినేటోళ్లకు నేనెన్నడు చెప్పలె. వాళ్లు సూసి తెలుసుకున్నరు. నోటితోని చెప్పింది నీకొక్కదానికే."

అది ఆరో నెల కంటే ముందు జరిగిన మాట. అంటే ఆ తర్వాత ఫోన్ చేసిన ప్రతిసారీ ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది, తిన్నావా, కారం దొరుకుతుందా అని.

"మరి ఫోన్ల ఎందుకు తిట్టలె ఆపా?"

అప్పుడు చేతులు ఆపింది. నా ప్రశ్నే ఆమెకు వింతగా తోచినట్టుంది. "పరదేశంల ఒక్కదానివి ఉంటివి. తిడితే అన్నం మానేసి పంటవు. ఆడ నీకు ఎవరు పెడ్తరు?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది, దగ్గరికి మాత్రం రాలేదు. కాసేపటికి, ఇమామ్ జామిన్ రూపాయి ఎవరికన్న ఇచ్చినవా అని అడిగింది. ఇవ్వలేదు. ఆ ఊళ్లో ఎవరికి ఇవ్వాలో తెలియక, పచ్చ గుడ్డతో సహా పర్సులో అలాగే ఉంచుకున్నాను. ఆ మాటే చెప్పాను. "గది ఉంచుకోవద్దు. లేనోళ్లది అది" అంది. ఆ మరునాడు బస్టాండులో ఒక ముసలామెకు ఇచ్చేశాను.

సంస్థకు ఉత్తరం రాసి, ఆ పత్రాన్ని వాళ్ల వెబ్‌సైటు నుంచి తీయించాను. గేటు దగ్గర బెల్లం మాత్రం ఆగలేదు. ఆపమని ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? మంచి పని ఎందుకు ఆపుతామంటారు. ఆ ఫెలోషిప్పు వల్లే నాకు ఇప్పుడు పర్మనెంటు ఉద్యోగం ఉంది, అది కూడా వదులుకోలేదు. వచ్చిన మూడు దరఖాస్తుల్లో ఒకదానిలో, సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఆడవాళ్లు తమలో తాము దాచుకున్న ఒక గుర్తు గురించి ఒక పిల్ల అద్భుతంగా రాసింది. చదువుతూ నేనూ ముందుకు వంగాను. మార్కులు ఇంకా వేయలేదు.

ఆ రోజు చాయ్ తాగి, పూల కప్పు కడగబోతే ఆపా లాక్కుంది. వాకిలి దాకా వచ్చి సాగనంపింది. మెస్సులో ఉన్నప్పుడు ఎప్పుడూ లేచేది కాదు, పొయ్యి దగ్గర నుంచే పోయిరా అని అరిచేది. చెప్పులు వేసుకుంటుంటే అంది.

"మల్ల రా మేడం. వచ్చేముందుగాల జెర ఫోన్ చేసి రా."